ఇనుము తోడే గాజు

బావ పోయాడని ఫోను వచ్చినప్పుడు హైమవతికి మొదట కళ్ళలో మెదిలింది అక్క ముఖం కాదు, అక్క కుడిచెయ్యి. ఆ సంగతి తరవాత ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు పోయాయని వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. హైమవతి మాత్రం ఫోను చేతిలో ఉండగానే ప్రయోగశాల గోడకున్న క్యాలెండరు వంక చూసి వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. ఇవాళ మంగళవారం. పదోరోజు వచ్చే వారం గురువారం. గాజు తియ్యాలంటే ఇరవై ఒక్క రోజులు పడుతుంది.

ఆ తరవాతే ఏడుపు వచ్చింది.

ఆ గాజును కనిపెట్టింది హైమవతే. రాజమండ్రిలో ఒక చిన్న పరిశోధన సంస్థలో ముప్పై ఏళ్ళుగా రక్తంలోని ఇనుము మీద పనిచేస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. చేతికి వాచీ తప్ప మరో నగ ఎరగదు. వాళ్ళమ్మ యాభై ఏడో ఏట, మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఏరుతూ గుండె పట్టుకుని ఒరిగిపోయింది. అంతకు ముందు మూడు నెలల నుంచీ ఆయాసమనీ దవడ లాగుతోందనీ చెబుతూనే ఉంది. డాక్టరు గ్యాసన్నాడు. ఆడవాళ్ళకు గుండెజబ్బేమిటన్నాడు. ఆ మాట హైమవతి మనసులో ముల్లులా ఉండిపోయింది.

మనిషి ఒంట్లోకి ఇనుము రావడానికి దారి ఉంది గాని, మిగిలినదాన్ని బయటికి పంపే దారి సరిగ్గా లేదు. ఆడదానికి నెలనెలా కొంత పోతుంది. ముట్లు ఉడిగాక ఆ కాస్తా పోదు. లోపలే పేరుకుంటుంది. యాభై ఏళ్ళవరకూ ఆడవాళ్ళ గుండెను కాపాడింది ఆ పోవడమేననీ, ఆగిన తరవాత పేరుకున్న ఇనుమే రక్తనాళాలను లోపలినుంచి తుప్పులా తింటుందనీ కొందరు శాస్త్రజ్ఞులు అనుకున్నారు. కాదని వాదించినవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది. హైమవతి అలా అనుకున్నవాళ్ళ పక్షం.

అక్క మంగతాయారుది కడియం దగ్గర మొక్కల తోట. బావ సూర్యారావు, ఆయన తల్లి సీతయ్యమ్మ, కొడుకు, కోడలు అందరూ ఆ మొక్కలమీదే బతికారు. చదువు ఐదో తరగతితో ఆగినా, చెల్లెలు చెప్పిన సంగతిని అక్క ఒక్క క్షణంలో పట్టేసింది. "ఆకు పాలిపోతే ఇనుము కోసం అన్నభేది వేత్తాం. మోతాదు మించిందా, వేరు మాడిపోద్ది. అంతేగా?" అంది. హైమవతి అంతేనంది. ఇరవై పేజీల వ్యాసంలో ఆమె రాసింది కూడా అంతే.

మొదట హైమవతి చేసింది గాజు కాదు, జబ్బకు అంటించుకునే బిళ్ళ. మట్టిలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు ఇనుము కోసం ఒక జిగురును వదులుతాయి. ఆ జిగురు ఇనుమును వెతికి పట్టుకుంటుంది. దాన్ని కంటికి కనిపించనంత సన్నని నూగులో నింపి, ఆ నూగు చర్మంలోకి దిగేలా బిళ్ళ చేసింది. నెలకు ఆడదాని ఒంట్లోంచి సహజంగా ఎంత ఇనుము పోయేదో, నొప్పి లేకుండా, నెత్తురు చుక్క పోకుండా అంతే తోడుతుంది. అంతా బాగానే ఉంది గాని, ఆడవాళ్ళు బిళ్ళను ఉంచుకోలేదు. తలంటు రోజున పీకేశారు. చుట్టాలొస్తే పీకేశారు. ఒకావిడ గుడికి వెళుతూ పీకి గూట్లో పెట్టి నెలరోజులు మరిచిపోయింది. రక్తపరీక్షలు అడ్డదిడ్డంగా వచ్చాయి.

దారి చూపించింది అక్కే. ఒకసారి హైమవతి తోటకు వెళ్ళి ఈ గోడు వెళ్ళబోసుకుంటే, మంగతాయారు గులాబి అంటు కడుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "బిళ్ళేంటే పిచ్చిదానా. గాజు చెయ్యి. ఆడది చేతికున్న గాజు తియ్యదు."

అలా గాజు పుట్టింది. కొత్తగా ఉన్నప్పుడు పల్చటి తేనె రంగులో ఉండేది. ఇనుమును పట్టినకొద్దీ ఎర్రబడి, నెల తిరిగేసరికి కాల్చిన ఇటుక రంగుకు వచ్చేది. అప్పుడు నర్సు వచ్చి, చేతినుంచి తియ్యకుండానే ఒక మందునీళ్ళతో కడిగితే మళ్ళీ తేనె రంగు. ఆడవాళ్ళు దాన్ని గోరింటాకుతో పోల్చారు. నా గాజు పండిందంటే నా గాజు పండిందని ఒకళ్ళకొకళ్ళు చూపించుకునేవాళ్ళు. కడిగేసే రోజున మొహాలు మాడ్చుకునేవాళ్ళు. మొదట వేసుకున్నది మంగతాయారు. రెండేళ్ళపాటు ఆమె, మరో పదిమందీ మాత్రమే వేసుకున్నారు. ఆ తరవాత ప్రయోగం పెద్దదై నాలుగువందల పన్నెండు మందికి చేరింది. కడియం చుట్టుపక్కలే నలభైమంది.

సూర్యారావు నోరున్న మనిషి. నర్సు గాజు కడిగే రోజున పనిగట్టుకుని వసారాలోకి వచ్చి కూర్చునేవాడు. "అందరికీ ఆడోళ్ళ గుండె మీదే ప్రేమ. మరదలా, మాకూ ఓ మొలతాడు చేసిపెట్టరాదూ?" అనేవాడు. బావగారికి నడుం కొలత దొరకడం కష్టమని హైమవతి తిప్పికొట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ మనిషి ఆ మంగళవారం పొద్దున్న లారీకి మొక్కలు ఎక్కిస్తూ ఛాతీ పట్టుకుని మొక్కల మధ్యనే కూలబడ్డాడు.

ఇక ఇరవై ఒక్క రోజుల సంగతి. రోజూ ఇనుము పోతూ ఉంటే ఒళ్ళు ఊరుకోదు. పేగులు ఆకలిగొన్నవాటిలా అన్నంలోంచి రెట్టింపు ఇనుము లాగడం మొదలుపెడతాయి. గాజు ఉన్నంతకాలం అటు వచ్చింది ఇటు పోతుంది. గాజు ఒక్కసారిగా తీసేస్తే తోడేది ఉండదు, పేగుల ఆకలి మాత్రం ఆగదు. గట్టు తెగిన కాలవలా ఇనుము నెత్తుట్లోకి వచ్చి పడుతుంది. గుండె తాళం తప్పుతుంది. అందుకని రోజుకు గంట చొప్పున పెంచుతూ తీసి ఉంచడం అలవాటు చేస్తూ ఇరవై ఒక్క రోజుల్లో మాన్పించాలి.

ఇది హైమవతికి ముందే తెలుసు. పన్నెండు ఎలుకలకు అలాంటి బిళ్ళలే అంటించి, రెండు నెలలయ్యాక ఒక్కసారిగా తీసి చూసింది. రెండోవారంలో ఐదు చచ్చిపోయాయి. ఆ ఐదింటి సంగతి ఆడవాళ్ళకిచ్చిన చిన్న పుస్తకంలో తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: 'గాజును అకస్మాత్తుగా తీసినచో కొందరికి అస్వస్థత కలుగవచ్చును.' ఆ వాక్యాన్ని ఆమె నాలుగుసార్లు తిరగరాసింది. తిరగరాసినప్పుడల్లా అది ఇంకాస్త మెత్తబడింది. చావని రాస్తే ఎవరూ వేసుకోరు. వేసుకోకపోతే వాళ్ళమ్మలాగే బియ్యం ఏరుతూ ఒరిగిపోతారు. పైగా తీసేదెవరు? అనుమతిచ్చే కమిటీలో ఒక పెద్దాయన సరిగ్గా ఆ ప్రశ్నే అడిగాడు. హైమవతి అక్క మాటనే గర్వంగా అప్పజెప్పింది. మా ఆడవాళ్ళు చేతి గాజు తియ్యరండీ అంది. ఆ గదిలో ఏడుగురున్నారు, వారిలో ముగ్గురు ఆడవాళ్ళు. అందరూ నవ్వి తల ఊపారు. ఆడవాళ్ళ చేతులనుంచి గాజులు తీసే రోజు ఒకటుందని ఆ ఏడుగురిలో ఒక్కరికీ తట్టలేదు. ఎనిమిదోది హైమవతి. ఆమెకూ తట్టలేదు.

*

ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఆ తంతు మానేశారు. సూర్యారావు ఇంట్లో మానలేదు. సీతయ్యమ్మకు ఎనభై నాలుగేళ్ళు. తన చేతుల గాజులు ఏ రేవులో పోయాయో ఆ రేవులోనే కోడలివీ పోవాలని ఆమె పట్టుబట్టలేదు. పట్టుబట్టే అవసరం కూడా లేకపోయింది. ఆ ఇంట్లో మరోలా జరగవచ్చునని ఎవరికీ ఊహే లేదు.

మూడోరోజున హైమవతి తోటకు వెళ్ళింది. అక్క వసారాలో చాపమీద గోడకు జారబడి కూర్చుని ఉంది. కుడిచేతికి ఆరు మట్టిగాజులు, వాటి మధ్య ఇటుక రంగులో తన గాజు. హైమవతి ఏదో చెప్పాలని నోరు తెరిచింది. అక్క తల ఆమె భుజం మీద వాలింది. చెప్పలేదు. ఇప్పుడే ఎందుకులే, ఇంకా వారముంది గదా అనుకుంది. అక్కడినుంచి తిరిగొచ్చిన రోజు సాయంత్రం ఆమె ప్రయోగం కాగితాలు ముందేసుకుంది. గాజు వేసుకున్నవాళ్ళలో ఆరుగురి పేర్లకు ఎదురుగా 'ఊళ్ళో లేరు' అని నర్సులు రాసి గీసిన గీత ఉంది. ఇంతకాలం ఆ గీత మీదుగా చూపు జారిపోయేది. ఇప్పుడు జారలేదు.

ఆదివారం బస్సెక్కి ఆత్రేయపురం వెళ్ళింది. ఆరుగురిలో ఒకావిడ, గంగాభవాని, ఆ ఊరిది. ఆమె కోడలు పొయ్యిమీద బోర్లించిన కుండకు పిండిగుడ్డ ఆనించి, తెల్లని పొరల్లాంటి పూతరేకులు తీస్తోంది. చెయ్యి ఆపకుండానే మాట్లాడింది. అత్తగారు ఊళ్ళో లేకపోవడమేమిటి, పోయి ఏడాదిన్నర అయిందన్నది. ఎలాగని అడిగితే చెప్పింది.

"మావయ్యగారు పోయేరండి. పదోరోజు రేవుకి తీసుకెళ్ళేం. అక్కణ్ణించి పదమూడు రోజులకి ఈవిడా పోయేరు. బెంగండి. ఆయన్ని వదిలి ఉండలేకపోయేరు. ఊరంతా వచ్చి దణ్ణం పెట్టేరండి."

ఆ కోడలు ఒక రేకు మడిచి పెట్టి, మీరు అప్పుడు రాలేదేంటండి, అత్తయ్యగారు మీ గాజంటే ఎంత ముచ్చటపడేవారో అంది. తినమని ఆకులో రెండు పెట్టి ఇచ్చింది. హైమవతి వాటిని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, రాజమండ్రి దాకా అలాగే పట్టుకొచ్చింది.

మర్నాడు ఫోన్లమీద మిగిలిన ఐదుగురినీ వెతికింది. నలుగురు నిజంగానే కూతుళ్ళ దగ్గరికో కొడుకుల దగ్గరికో వెళ్ళిపోయారు, గాజులతో క్షేమంగా ఉన్నారు. ఐదో ఆవిడ భర్త పోయాక, గాజులు తీసిన పదకొండో రోజున పోయింది. అక్కడా అదే మాట. బెంగ.

రెండు చావులు. పదకొండో రోజొకటి, పదమూడో రోజొకటి. ఎలుకల లెక్కకు సరిపోయింది. ఆమె అది కాగితం మీద రాసుకుని, కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టి తాళం వేసింది.

*

తొమ్మిదోరోజున మళ్ళీ తోటకు వెళ్ళింది. పుట్టింటి తరఫున చీర తీసుకెళ్ళాలి. తల్లీ తండ్రీ లేరు గనక ఆ పని హైమవతిదే. గదిలో అక్క ఒక్కర్తే ఉన్నప్పుడు తలుపు దగ్గరగా వేసి, చిన్న ఉపాయం చెప్పింది. రేపు రేవులో మిగతా గాజులు ఏం చేస్తే అది చేయనీ. నా గాజు మాత్రం పగలకుండా నువ్వే జార్చి కొంగులో వేసుకో. ఇంటికొచ్చాక మళ్ళీ తొడుగుతాను. పైన గుడ్డ చుట్టి, చెయ్యి బెణికిందని చెబుదాం. ఇరవై ఒక్క రోజులు ఎలాగూ గది దాటవు. నెమ్మదిగా తీసేద్దాం.

ఎందుకని అక్క అడిగింది. ఒక్కసారిగా తీస్తే అంత మంచిది కాదని హైమవతి చెప్పింది. ఎలుకల సంగతిగాని, ఆత్రేయపురం సంగతిగాని ఎత్తలేదు. ఉపాయం ఉంది గదా, భయపెట్టడమెందుకనుకుంది. నిజానికి ఆ ఉపాయం అక్క ప్రాణాన్ని ఎంత కాస్తుందో, తన తప్పునూ అంతే కప్పుతుంది. అది ఆమెకు ఆ క్షణాన తెలియకపోలేదు.

మంగతాయారు చాలాసేపు చేతివంక చూసుకుని, సరేనంది. "ఆయనకి తెలిస్తే నవ్వుతాడే. మొగుడు పోయినా మరదలి గాజు పోలేదంటాడు" అంది. ఆ తొమ్మిది రోజుల్లో ఆమె నవ్వబోయింది అదొక్కసారే.

గురువారం తెలతెలవారుతుండగా కాలవ రేవుకు తీసుకెళ్ళారు. ముత్తైదువలు చూడకూడదని ఇంట్లోనే ఉండిపోయారు. హైమవతి ముత్తైదువా కాదు, భర్త పోయినదీ కాదు. ఎటూ కాని మనిషిని ఏం చెయ్యాలో పెద్దలకు తెలియక, నువ్వు గట్టుమీదే ఉండమ్మా అన్నారు. ఆమె ఉండిపోయింది. కిందికి నాలుగు మెట్లు. నాలుగంటే నాలుగు. తరవాత ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా అవి పెరగలేదు.

అక్క చుట్టూ ముసలమ్మలు మూగడంతో, కింద ఏం జరిగిందో ఆమెకు వినబడిందే గాని కనబడలేదు. మంగతాయారు గాజును జార్చుకోబోయింది. తొమ్మిది రోజులుగా సరిగా తిండిలేక, నిద్రలేక, ఏడ్చి ఏడ్చి చేతులు వాచి ఉన్నాయి. గాజు మణికట్టు దాటలేదు. ముసలమ్మల్లో ఒకావిడ, తీసుకోలేకపోతోంది పాపం, దుఃఖంలో ఉంది అనుకుని చెయ్యందుకుని మెట్టుకు కొట్టింది. మట్టిగాజులు చిట్లాయి. ఇది చిట్లలేదు. రాయి తీసుకుని రెండు దెబ్బలు వేశారు. అప్పుడు పగిలింది. లోపలి ఎర్రటి ద్రవం మణికట్టు మీదుగా మోచేతిదాకా కారింది. నెత్తురనుకుని అందరూ బెదిరిపోయి, కాలవలో ముంచి కడిగి, ముక్కలన్నీ నీళ్ళలోకి విసిరేశారు.

అక్క మెట్లెక్కి వచ్చినప్పుడు రెండు చేతులూ బోసిగా ఉన్నాయి. చెల్లెలి వంక చూసి, తల అడ్డంగా ఊపింది.

*

హైమవతి ఆటో కట్టించుకుని రాజమండ్రి వెళ్ళి, కొత్త గాజు తీసుకుని మధ్యాహ్నానికల్లా తిరిగి వచ్చింది. అక్క చెయ్యి పట్టుకోబోతే, ఆమె వెనక్కి లాక్కుంది.

"ఉన్నదాన్ని దాచిపెట్టడం వేరే. ఆయన పేరున తీసేసిన చేతికి మళ్ళీ కొత్తది తొడగమంటావేంటే. నావల్ల కాదు."

అప్పుడిక హైమవతికి దాచడానికి ఏమీ మిగల్లేదు. తలుపు గడియపెట్టి కింద కూర్చుని అంతా చెప్పేసింది. పన్నెండు ఎలుకలు, ఐదు చావులు, తొమ్మిదో పేజీలో వాక్యం, గంగాభవాని, ఆమె కోడలు, రెండో ఆవిడ. చెబుతున్నంతసేపూ నేలకేసి చూస్తూనే ఉంది. చెప్పడం అయిపోయాక తల ఎత్తితే, అక్క కళ్ళల్లో భయం లేదు. మరేదో ఉంది. చిన్నప్పుడు తను ఎవరి పలకో పగలగొట్టి వచ్చినప్పుడు అక్క ఇలాగే చూసేది.

"ఈ సంగతి గాజులేసుకున్నోళ్ళకి చెప్పేవా?" అంది మంగతాయారు.

లేదంది హైమవతి.

"ఈ చుట్టుపక్కలే నలభైమంది. నన్ను చూసేగా వేసుకున్నారు. నేనే ఇంటింటికీ తిరిగి చెప్పేను, మా చెల్లెలు చేసిందమ్మా, బంగారమమ్మా అని. వాళ్ళ మొగుళ్ళందరూ చిరంజీవులేంటి?"

హైమవతి కారణాలు చెప్పింది. అన్నీ నిజమైన కారణాలే. ఊరికే చావు మాట చెబితే, భయపడి అందరూ ఒక్కరోజున గాజులు లాగి పారేస్తారు. అప్పుడు ఇద్దరు కాదు, వందమంది పోతారు. కమిటీకి రాయాలి. వాళ్ళు ఒప్పుకోవాలి. నర్సులకు తర్ఫీదివ్వాలి. ఒక పద్ధతి ప్రకారం ఇంటింటికీ వెళ్ళాలి. మంగతాయారు అంతా విన్నది.

"నీ భయం అది కాదే, హైమా" అంది.

హైమవతి కొత్త గాజును మళ్ళీ సంచీలో పెట్టేసింది.

"నువ్వెళ్ళి వాళ్ళకి చెప్పు. నీ నోటితో చెప్పు. ఎలా తియ్యాలో కూడా చెప్పు. చెప్పేక రా. అప్పుడు ఈ చెయ్యి ఇత్తాను, ఏం తొడుగుతావో తొడుగు. ఆయన్నడిగి క్షమించమంటాను."

"అక్కా, ఇది పంతానికి సమయం కాదు."

"పంతమా? నాకొక్కదానికీ తొడిగి పోతావు. మళ్ళీ రావు. నీ సంగతి నాకు తెలీదా?"

ఆ మాటకు హైమవతికి కోపం వచ్చింది. కోపం రావడానికి ఆ మాట నిజం కావడమే కారణం. ఆమెకు ఎప్పుడూ సెలవు తీసుకోవడం చేతకాదు. గుమ్మం దాటాక ఏదో మరిచినట్టు రెండుసార్లు వెనక్కి వచ్చి మరీ వెళ్ళే మనిషి. ఆ మధ్యాహ్నం మాత్రం సంచీ భుజాన వేసుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం కమిటీ పెద్దకు ఉత్తరం రాసి పంపింది. ఆయన ఫోను చేశాడు. మంచి మనిషే. గొంతు తగ్గించి, బుధవారం అందరం కూర్చుందామమ్మా, అంతదాకా ఎవరితోనూ అనవద్దు, గోల అవుతుంది అన్నాడు. హైమవతి లెక్క వేసుకుంది. గురువారం గాజు పోయింది. పదకొండో రోజంటే వచ్చే వారం ఆదివారం తరవాతే. బుధవారం కమిటీ. గురువారం నుంచి ఇళ్ళకు వెళ్ళవచ్చు. ఆ సాయంత్రమే అక్కకు తొడగవచ్చు. నాలుగు రోజులు మిగులుతాయి. లెక్క సరిపోతోంది. శని, ఆదివారాలు గదిలోనే కూర్చుని, ఆడవాళ్ళకు ఏమని చెప్పాలో రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. కడియం బస్సుకు ముప్పావుగంట. వెళ్ళలేదు.

సోమవారం సాయంత్రం అక్కకు ఫోను చేసింది. ఎలా ఉన్నావంటే, బాగానే ఉన్నానంది. కాస్త ఆగి, లోపల పిచ్చుకేదో రెక్కలు కొట్టుకున్నట్టుంటోందంది. హైమవతి లేచి నిలబడింది. ఇప్పుడే వస్తానంది.

"చెప్పేవా?"

బుధవారం కమిటీ ఉందంది హైమవతి.

"అయితే బుధవారం రా" అని, మంగతాయారు కోపం లేకుండానే ఫోను పెట్టేసింది.

ఫోను పెట్టాక హైమవతి పెన్ను పట్టుకుని అర్ధరాత్రి దాటేదాకా కాగితాల ముందే కూర్చుంది. అప్పుడొచ్చింది ఆ ఆలోచన. పోయేనాటికి ఆ ఇద్దరూ గాజు వేసుకుని ఏడాది కూడా కాలేదు. ఎలుకలవి రెండు నెలలు. అక్కది నాలుగేళ్ళు. అందరికన్నా మొదట వేసుకున్నది ఆమే. అందరికన్నా ఎక్కువ ఆకలిగొన్న పేగులూ ఆమెవే. పదకొండు రోజులన్న లెక్క అక్కది కాదు, వేరేవాళ్ళది.

మంగళవారం మొదటి బస్సుకు వెళ్ళింది. తోట వీధి మలుపులోనే తెలిసిపోయింది. మొక్కలకు నీళ్ళు పెట్టే ఆడవాళ్ళు గొట్టాలు వదిలేసి ఇంటివైపు నడుస్తున్నారు. నీళ్ళు దారిమీదకు పారుతున్నాయి.

కాఫీ అడిగిందట. కోడలు కలిపి తెచ్చేలోగా పోయింది.

*

వసారా నిండా మనుషులు. గాజులు వేసుకున్న నలభైమందిలో ముప్పైమందైనా ఉంటారు. ఏడుస్తూ, ముక్కు చీదుతూ, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. పదిహేను రోజులు కూడా ఉండలేకపోయింది. ఎంత ప్రేమో. అలాంటి ఇల్లాలు ఈ రోజుల్లో ఉంటుందా. బెంగమ్మా, బెంగ. ఎవరో పువ్వులు తెచ్చారు. అక్క పాదాలకు దణ్ణం పెడుతున్నారు. హైమవతి సంచీలో చెయ్యి పెట్టి, ఆ కొత్త గాజును పిడికిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. వచ్చినవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. చెల్లెలు పాపం, అన్నారు.

ఇలాగే ఉండిపోవచ్చు. నోరు విప్పనక్కరలేదు. రేపు కమిటీలో కాగితం చదివి, పద్ధతి ప్రకారం, నెమ్మదిగా, ఎవరి పేరూ రాకుండా అన్నీ చక్కబెట్టవచ్చు. అక్కకు దణ్ణాలు దక్కుతాయి. ఎవరికీ నష్టం లేదు. హైమవతికి ఈ ఆలోచన వచ్చింది. రాలేదని ఆమె తరవాత కూడా ఎప్పుడూ అనుకోలేదు.

సీతయ్యమ్మ గోడవారగా చాపమీద కూర్చుని ఉంది. పదిహేను రోజుల్లో కొడుకు, కోడలు. కళ్ళల్లో నీళ్ళు అయిపోయినట్టున్నాయి. హైమవతిని చూసి చెయ్యి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని హైమవతి వంగింది.

"చూశావా అమ్మాయీ నీ అక్క. మావాణ్ణొదిలి ఉండలేకపోయింది. బెంగెట్టుకుని పోయింది. అంతేగా?" అంది ముసలామె. అడుగుతున్నట్టు లేదు. బతిమాలుతున్నట్టుంది.

ఆ ఒక్క మాట తప్ప ఆ ముసలి ప్రాణానికి పట్టుకోవడానికి మరేం మిగల్లేదు. తన కొడుకు అంత ప్రేమించదగిన మనిషి అన్న మాట. ఆ పదోరోజున రేవులో కోడలి చెయ్యి పట్టుకుని రాయితో కొట్టింది కూడా ఆమే. హైమవతికి అక్క అడిగింది గుర్తొచ్చింది, అడిగిన తీరు గుర్తొచ్చింది. అప్పుడు చెప్పి ఉంటే వట్టి మాటలతో పోయేది. ఇప్పుడు ఈ ముసలామె దగ్గరున్న ఆ ఒక్క మాటనూ లాక్కుని చెప్పాలి.

"కాదండీ అత్తయ్యగారూ" అంది. "బెంగ కాదు."

దగ్గరున్నవాళ్ళ ఏడుపు ఆగింది. మిగతావాళ్ళు అటు తిరిగారు. హైమవతి నిటారుగా నిలబడి వాళ్ళ చేతుల వంక చూసింది. తేనె రంగువి, లేత ఎరుపువి, బాగా పండినవి.

"ముందుగా ఒక్కటి వినండమ్మా. నేనిప్పుడు చెప్పేది విని ఎవరూ గాజు తీసెయ్యకండి. భయపడి లాగెయ్యకండి. ఎలా తియ్యాలో నేనే ఇంటింటికీ వచ్చి దగ్గరుండి తీయిస్తాను. ఇది మీకు మొదటిరోజునే చెప్పాల్సింది. చెప్పలేదు. మా అక్క చెప్పమంది. అప్పుడూ చెప్పలేదు."

ఎవరో ఏం మాటలమ్మా ఇవి అన్నారు. ఎవరో ఉండండి, వినండి అన్నారు. హైమవతి చెయ్యి ఇంకా సీతయ్యమ్మ చేతిలోనే ఉంది. ఆమె తన కుడిచేతి వంక చూసుకుంది, రేవులో రాయి పట్టుకున్న చేతివంక. తరవాత గోడవైపు కొంచెం జరిగి, చాపమీద చోటు చేసింది.

"కూచో అమ్మాయీ" అంది. "కూచుని చెప్పు. ఏదీ మింగకుండా చెప్పు."

హైమవతి కూర్చుంది.